పలక కింద నాలుగు డబ్బాలు

కోడూరు,
14-11-1959

తమ్ముడు ధనుంజయుడికి,

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే దీపం దగ్గర పెట్టి, పూజ అయ్యాక విప్పాను.

నువ్వు పాఠాలు చెప్పే కాలేజీకి చిన్న తెరచాప పడవ కట్టిస్తున్నావనీ, బందరు ఉప్పుటేట్లో పిల్లలకి పడవ నడపడం నేర్పుతావనీ, వాళ్లలో మన సీత కూడా ఉంటుందనీ రాశావు. రెండుసార్లు చదివాను.

ఆడపిల్ల పడవెక్కడమేమిటని నేను అనను. అనేవాళ్లు నీకు అక్కడే చాలామంది దొరుకుతారు. నాకు గుర్తొచ్చింది కొండలరావు. మన ముగ్గురిలో నడిమివాడు. ఎదురుమొండి రేవులో ఆ నాటుపడవ మునిగిన రోజున నువ్వు గట్టు మీద ఉన్నావు. అమ్మ పోయేదాకా ఒకే మాట అనేది, ఆ పడవలో ఖాళీ బిందె ఉండబట్టే అలా అయిందని.

వద్దనడం లేదు. నీ పడవ ఎలాంటిదో నాకు అర్థమయ్యేట్టు రాయి. నిబ్బరంగా వింటాను.

ప్రభావతి దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం మానవద్దను.

అక్కయ్య


బందరు,
23-11-1959

అక్కయ్యకు నమస్కారాలు.

నిబ్బరంగా వింటానని రాశావు చూడు, అది చదివి ప్రభావతి, "వదినగారు హడలిపోయారండీ. మీకు ఉత్తరం చదవడం రాదు" అంది. హడలిపోకు. కూర్చుని విను.

కొండలన్నయ్య గుర్తుండకపోవడమేమిటి? పడవ తిరగబడినందుకు అన్నయ్య పోలేదు. ఆ పడవ ఇటుకలా అడుక్కి పోయింది. ఈత రానివాడికి పట్టుకోవడానికి ఒక్క కర్రముక్క మిగల్చలేదు. గట్టు మీద నుంచి నేను చూసింది అదే. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను. ఈ పడవ అందుకే కట్టిస్తున్నాను.

దీని అడుగు తాంబాళంలా వెడల్పు. ఒక పక్కన బరువు పడితే ఒరుగుతుంది గాని తొందరపడి తిరగబడదు. నిలువు కొయ్య పొట్టి, తెరచాప చిన్నది. గాలి ముదిరితే సగానికి మడిచి కట్టొచ్చు. తెరచాప కింద అడ్డకొయ్య ఉంటుంది. గాలి మారితే గిర్రున తిరిగి కొత్తవాళ్ల తలలు పగలగొట్టేది అదే. దాన్ని కూర్చున్నవాళ్ల తలకంటే ఎత్తున పెట్టించి, పాత దుప్పటి చుట్టించాను. "నాన్నా, పడవకి జలుబు చేసిందా?" అని సీత వెక్కిరింపు.

చుక్కానికి ఇసక తగిలితే తనంతట తాను పైకి లేస్తుంది, విరగదు. అన్నిటికంటే గొప్ప సంగతి, తెరచాప తాడు ఎక్కడా ముడి వెయ్యం. చేత్తోనే పట్టుకోవాలి. భయం వేసిందా, వదిలెయ్యడమే. వదలగానే తెరచాప దండెం మీద చీరలా కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది.

తెరచాప గుడ్డ పెడన నుంచి వచ్చింది. పున్నయ్య అని నా దగ్గర బి.ఎస్సీ. చదివే కుర్రాడు, మగ్గం ఇంటి పిల్లాడు. తండ్రి లేడు. వాళ్లమ్మ మంగమ్మగారు దగ్గరుండి దిట్టంగా నేయించి ఇచ్చింది. "చీరలైతే మనుషులు కట్టుకుంటారు బాబూ, దీన్ని గాలి కట్టుకుంటుంది. చిరగనివ్వకు" అందిట. సీతకి తోడుగా మొదట నేర్చుకునేది ఆ పున్నయ్యే.

నీ తమ్ముడు
ధనుంజయ


కోడూరు,
3-12-1959

ధనుంజయా,

అంతా అర్థమైంది. ఒక్కటి నచ్చలేదు. భయం వేస్తే తాడు వదిలెయ్యమన్నావు. భయపడ్డ చెయ్యి వదలదు, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గేదె బెదిరి లాక్కుపోతున్నా పలుపు వదలని పిల్లల్ని మన దొడ్లోనే చూశాను. పట్టుకోవడం తర్వాత నేర్పు. ముందు వదలడం నేర్పు.

ఇంకొకటి. నీళ్లలో పడ్డవాళ్లు బయటి నుంచి పడవని దేన్ని పట్టుకోవాలి? కొండలరావుకి అదే లేకపోయిందన్నావు.

కోతలు అయ్యాయి. ఈసారి వడ్లు బరువుగా ఉన్నాయి. స్వామి దయ.

అక్కయ్య


గుడివాడ,
28-12-1959

అక్కయ్యకు,

సెలవులకి మామగారింటికి వచ్చాం. నీ ఉత్తరం వడ్రంగికి చదివి వినిపించి, పడవ అంచు చుట్టూ కొబ్బరితాడు వేయించాను, చేతికి అందేలా ఉచ్చులు వదిలి. సెలవులిచ్చేదాకా సీత, పున్నయ్యలకి రోజూ గంటసేపు గట్టు మీదే సాధన, తాడు పట్టుకో, వదులు, పట్టుకో, వదులు. "మీ అక్కగారు కాలేజీలో ఉంటే మేమంతా ఫెయిలే సార్" అంటాడు పున్నయ్య.

ఇక అసలు రహస్యం. ఇక్కడి బజారులో నాలుగు కిరసనాయిలు డబ్బాలకి అతుకుల దగ్గర తగరం కరిగించి మాటు వేయించాను. చెయ్యి దూరేంత మూతి, మర బిగించే మూత, మూత చుట్టూ లక్క. వెనక సీత కూర్చునే పలక కింద రెండు, ముందు పలక కింద రెండు, కదలకుండా బిగిస్తాను. "ఇందులో ఏం పోస్తావు బావా?" అని మా బావమరిది. ఏమీ పొయ్యను, ఖాళీగానే ఉంచుతానన్నాను. వాడి మొహం నువ్వు చూసి ఉండాల్సింది!

ఎందుకో నీకూ చెప్పను. రథసప్తమికి పడవ నీళ్లలోకి దింపుతున్నాం. నువ్వొస్తే చూపిస్తాను. పిల్లలకీ చెప్పలేదు. అది ఆఖరి పాఠం.

ధనుంజయ


కోడూరు,
7-1-1960

ధనుంజయా,

రథసప్తమికి వస్తాను.

ఆ డబ్బాల సంగతి నాకు మనసులో పెట్టుకోవడం చేతకావడం లేదు. అమ్మ పొరుగింటి గిన్నె కూడా ఖాళీగా తిప్పి పంపేది కాదు. చిటికెడు పంచదారైనా వేసేది. కొత్త కాపురానికి ఖాళీ బిందె పంపం. కొత్త పడవ మొదటిసారి నీళ్లలో దిగుతూ ఖాళీ పాత్రలతో దిగడమా? అందులోనూ సీత కూర్చునే పలక కిందా? అమ్మ అన్న మాట నువ్వు మరిచిపోయినా నేను మరవలేను.

కాస్త ఆలోచించు. నేనింతకంటే చెప్పను.

అక్కయ్య


బందరు,
18-1-1960

అక్కయ్యా,

డబ్బాల సంగతి చూద్దాంలే. నువ్వు ముందు రా. పూజ నీ చేతి మీదుగానే. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ అన్నీ నీ ఇష్టం. సీత పడవ ముక్కున వేసే ముగ్గు ఇప్పటికే రెండుసార్లు మార్చింది.

ధనుంజయ


కోడూరు,
9-2-1960

ధనుంజయా,

క్షేమంగా చేరాను. పడవ ముచ్చటగా ఉంది. నీళ్లలో దిగినప్పుడు సీత మొహంలో అమ్మ కనపడింది.

ప్రిన్సిపాలుగారు, వచ్చినవాళ్లు నిన్ను వదల్లేదు. నాకేదో చూపిస్తానన్నావు, తీరలేదు. పర్వాలేదు. ఆ పొద్దున మీరంతా రాకముందే నేను పూజ చేసుకున్నాను. పున్నయ్య దగ్గరుండి సాయం చేశాడు. నెమ్మదస్తుడు. ఒక మాట చెప్తే నిలుపుకునే మనిషి. నా మనసిప్పుడు తేలికగా ఉంది.

ప్రభావతి ఇచ్చిన ఊరగాయ జాడీ తిరిగి పంపుతున్నాను. అందులో కొత్త బెల్లం ఉంది.

అక్కయ్య


బందరు,
20-2-1960

అక్కయ్యకు నమస్కారాలు.

జాడీ అందింది. బెల్లం సీత చూడకముందు సగం, చూశాక సగం అయిపోయింది.

పిల్లలు బాగా పట్టుకున్నారు. మొన్న విసురుగాలి కొట్టింది. నేను నోరు తెరిచేలోపే సీత తాడు వదిలేసింది. పడవ ఆగిపోయి ఊగుతూ నిలబడింది. నీ పాఠమే అది.

పడవ మాత్రం అనుకున్నదానికంటే లోతుగా కూర్చుంటోంది. మొదటిరోజు నుంచీ అంతే, ఇప్పుడింకా ఎక్కువైంది. ముఖ్యంగా వెనక. కర్ర నీళ్లు తాగుతోందని వడ్రంగి అంటాడు. "నీ లెక్కే తప్పింది" అని నేనూ, "మీరిచ్చిన లెక్కే కదండీ" అని అతనూ.

ఇంకో వింత. పడవలో పులిసిన వాసన వస్తోందిట. తడిసిన పాతర వాసనలా ఉంది నాన్నా అంటుంది సీత. "గిలకలదిండి రేవంతా చేపల కంపు. నీ ముక్కుకి ధాన్యం ఎక్కడ దొరికిందే?" అన్నాను. పున్నయ్య అటు తిరిగి తాడు చుట్టుకుంటున్నాడు. వాడూ నవ్వుకున్నాడేమో.

ధనుంజయ


కోడూరు,
26-2-1960

ధనుంజయా,

నిన్న శివరాత్రి. జాగారం చేశాను. సీత పేరున దీపం పెట్టాను.

ఆ వాసన మంచి వాసనే. సీతను భయపడవద్దను.

సోమవారం నుంచి ఇక్కడ రామాలయంలో సప్తాహం. ఆ వారం మౌనం పడుతున్నాను. పాలు తప్ప తీసుకోను. ఉత్తరాలు వచ్చినా విప్పను. సమాధానం రాలేదని కంగారు పడకండి.

ఎందుకో ఈసారి దీపం కుదురుగా వెలగలేదు. గాలి లేదు. వత్తి తడిసిందేమో.

అక్కయ్య


బందరు,
2-3-1960

అక్కయ్యా,

నువ్వు విప్పవని తెలిసీ రాస్తున్నాను. సప్తాహం అయ్యాక చదువుకుని నవ్వుకో.

ఆదివారం పొద్దున ఆఖరి పాఠం. పడవని కావాలనే తిరగెయ్యబోతున్నాం! కంగారు పడకు. తిరగబడితే ఏం చెయ్యాలో తిరగబడితేనే వస్తుంది. మధ్యలో నీళ్లలోకి దించే బరువైన ఇనప పలక ఒకటి ఉందే, దాని మీద కాలు పెట్టి వెనక్కి వేళ్లాడితే పడవ మళ్లీ లేచి కూర్చుంటుంది. లేవకపోయినా మునగదు. ఎందుకంటావా? ఆ రహస్యం ఇప్పుడు చెప్తున్నాను. నీకు నచ్చని ఆ డబ్బాలు!

మూత బిగించిన ఖాళీ బిందెను చెరువులో ముంచి చూశావా? ఎంత తొక్కినా పైకి తంతుంది. లోపల ఉన్న గాలి నీటిని రానివ్వదు. నా పడవ పూర్తిగా నీళ్లతో నిండిపోయినా ఆ నాలుగు డబ్బాల్లో ఉన్న గాలే దాన్ని పైకి పట్టుకుని ఉంటుంది. పిల్లలు చుట్టూ ఉన్న తాడు పట్టుకుని వేళ్లాడొచ్చు. అన్నయ్యకి దొరకని కర్రముక్క అదే అక్కయ్యా. డబ్బాలు ఖాళీగా ఉండటమే వాటి పని. నువ్వొచ్చినప్పుడు ఈ మాట చెప్పి, అమ్మ బిందె సంగతి నీ మనసులోంచి తీసేద్దామనుకున్నాను. జనంలో కుదరలేదు.

నీళ్లలో మనిషిని తేల్చే బెండు చొక్కాలు మద్రాసు నుంచి రావాలి, ఇంకా రాలేదు. డబ్బాలుండగా వాటి కోసం ఆగడం ఎందుకని ఆగలేదు. ఏటి మధ్యలో, లోతున్న చోటే చేస్తాం, కొయ్య బురదలో దిగబడకుండా. పడవలో సీత, పున్నయ్య. నేను పక్కన దోనెలో.

ధనుంజయ


కోడూరు,
7-3-1960

ధనుంజయా,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. స్వామి పాదాల దగ్గర పెట్టాను. మౌనం పట్టానని విప్పలేదు. రోజూ దానికి దణ్ణం పెట్టాను. ఈ పొద్దున విప్పాను. నిన్న ఆదివారం.

ఆ డబ్బాలు ఖాళీగా లేవు. రథసప్తమి పొద్దున నేను తెచ్చిన కొత్త వడ్లు నాలుగింటిలోనూ నిండా పోశాను. నిండుగా ఉండాలని అదిమి పోశాను. మూతలు విప్పింది పున్నయ్య. లక్క ఊడదీశాడు. మర మళ్లీ బిగించాడు గాని లక్క కరిగించేంత నిప్పు అక్కడ లేదు. వాడికీ ఆ డబ్బాలెందుకో తెలియదు. "మా ఇంట్లోనూ అంతేనండి పెద్దమ్మగారూ, కొత్త మగ్గం మీద ఒక పోగైనా లేకుండా దీపం పెట్టరు" అన్నాడు. మీ సారుతో అనకు నాయనా, నవ్వుతాడు అన్నాను. అననండి అన్నాడు.

నువ్వు చూద్దాంలే అన్నావు. ఒప్పుకున్నావనుకున్నాను. చెప్పేంత పని కాదనుకున్నాను.

పాలేరుని అవనిగడ్డ పంపి తంతి ఇప్పిస్తున్నాను. నేను రావాలి. వారం ఉపవాసంతో గుమ్మం దాటితే కళ్లు తిరుగుతున్నాయి.

ఆదివారం గాలి లేదని, వాన వచ్చిందని, ఏదో ఒకటి అడ్డం వచ్చిందని రాయి.

అక్కయ్య


బందరు, ఆసుపత్రి,
8-3-1960

అక్కయ్యా,

సీత బతికింది. జ్వరంగా ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంటున్నారు. పున్నయ్య దొరకలేదు.

పడవ తిరగబడింది. లేవలేదు. వెనక భాగం ముందు దిగింది. నేను చెప్పినట్టే పిల్లలిద్దరూ తాడు పట్టుకున్నారు. పడవ వాళ్లని తీసుకునే దిగుతోంది. వదలండి, వదలండి అని అరిచాను. సీత వదిలింది. పున్నయ్య కూడా వదిలాడు. చేతికందిన తెడ్డుని సీత వైపు తోశాడు. వాడికి ఈత అంతంతమాత్రం. ఆటు మొదలైంది, ఏరు సముద్రం వైపు లాగుతోంది. నేను సీతని అందుకుని వెనక్కి తిరిగేసరికి నీళ్ల మీద ఏమీ లేదు.

తప్పు నాది. గాలి బరువు, నీటి బరువు అని బోర్డు మీద రాసి పిల్లలకి నేర్పే మనిషిని, లెక్క తప్పాను. అన్నయ్య పోయిన పడవ లాంటిదే మళ్లీ కట్టాను.

ఒకటి మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. తిరగెయ్యబోయే ముందు డబ్బాల సంగతి వాళ్లకి చెప్పాను. వాటిలో గాలి ఉంటుందని చెప్తూంటే పున్నయ్య మొహం పాలిపోయింది. "సార్, ఒక్క మాట" అన్నాడు. భయపడుతున్నాడనుకున్నాను. "ఒడ్డుకి వచ్చాక చెబుదువుగాని" అన్నాను.

ఇంటికి ఏదో తంతి వచ్చిందిట. ప్రభావతి ఇక్కడే ఉంది, ఎవరూ విప్పలేదు. ఇప్పుడు ఏ కబురూ వినే ఓపిక లేదు.

ధనుంజయ


బందరు,
12-3-1960

అక్కయ్యా,

నీ తంతీ, ఉత్తరమూ ఒక్కసారే చదివాను.

పున్నయ్య మొన్న దొరికాడు, ఏటి మొగలో, వలకి. మంగమ్మగారు వచ్చింది. ఏడవలేదు. వాడి చొక్కా అంచు వేళ్లతో పట్టి చూస్తూ కూర్చుంది, నేత సరిచూస్తున్నట్టు.

నిన్న పడవని లాగించాను. అందరినీ పంపేసి డబ్బాలు నేనే విప్పాను. మాట్లు పిగిలిపోయి ఉన్నాయి. వడ్లు ఉబ్బి మొలకెత్తాయి. వెలుగు లేక తెల్లగా, వెంట్రుకల్లా. ఏట్లో పారబోశాను. ఎవరూ చూడలేదు.

ఇప్పుడు చెప్పేది విను. నా లెక్క తప్పిందని ప్రిన్సిపాలుగారితో అనేశాను. పోలీసులకీ అదే చెప్పాను, మంగమ్మగారికీ అదే. ఉద్యోగం వదిలేశాను. నీ పేరు ఎక్కడా రానివ్వను. అమ్మ మంచం పట్టాక నన్ను ఎత్తుకు పెంచింది నువ్వు. ఈ మాత్రం చెయ్యలేనా? నువ్వెప్పుడూ తక్కువ మాట్లాడే మనిషివి. దీనిలోనూ అలాగే ఉండు. నీ ఉత్తరం చింపేస్తున్నాను.

సీత తేరుకుంటోంది. మొదట అడిగింది పున్నయ్య గురించే. రెండోది, "మునగదన్నావుగా నాన్నా" అని.

ధనుంజయ


కోడూరు,
15-3-1960

ధనుంజయా,

ఈ ఉత్తరం చింపకు. సీతకి చదివి వినిపించు.

నీ పడవ మునిగే పడవ కాదు. దాన్ని నేను ముంచాను. అది సీతకి తెలియాలి. లేకపోతే తండ్రి మాట అబద్ధమని నమ్ముతూ పెరుగుతుంది. నీ దగ్గర చదివిన పిల్లలకీ తెలియాలి. రేపు వాళ్లలో ఒకడు పడవ కట్టిస్తాడు. ధనుంజయరావుగారి డబ్బాలు పనికిరాలేదని అవి మానేస్తాడు. లేదా పెడతాడు, నాలాంటిది ఒకతె వెళ్లి నింపుతుంది. నువ్వు చెప్పకుండా దాచావు, నేను చెప్పకుండా చేశాను, పున్నయ్యని చెప్పవద్దన్నాను. మనందరం నోరు మూసుకున్నందుకే వాడు పోయాడు. ఇంకా మూసుకోమంటావా?

ప్రార్థన చేస్తున్నాను. మాటలు రావడం లేదు. చేస్తున్నాను.

ఉత్తరాలు ఇక దీపం దగ్గర పెట్టను. వచ్చిన వెంటనే విప్పుతాను.

రేపు తొలి బస్సుకి బయల్దేరుతున్నాను. మొదట బందరు రాను. పెడన వెళ్తాను. మంగమ్మ ఎదుట నిలబడి, నీ కొడుకు తప్పేమీ చెయ్యలేదు, నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, ఆ మాట అడిగింది నేను అని చెప్తాను. ఆవిడ ఏమంటే అది వింటాను. తర్వాత పోలీసుల దగ్గరికి నువ్వే తీసుకువెళ్లాలి.

ఒకరింటికి ఉత్త చేతులతో వెళ్లకూడదని అమ్మ నేర్పింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఈ పొద్దున సంచీ తీసుకుని గాదె దగ్గర నిలబడ్డాను. చెయ్యి ముందుకి రాలేదు. సంచీ మడిచి పెట్టేశాను.

ఉత్త చేతులతోనే వెళ్తున్నాను.

అక్కయ్య